కోళ్ళింటి పొయ్యి

కోడికి చలి వేస్తుందన్న సంగతి ప్రభుత్వానికి తెలిసిన ఏడు, బూరుగుగొందిలో వలిసెపూలు విరగబూశాయి. ఆ పసుపుపచ్చ చూడటానికి మైదానం నుంచి జనం కార్లెక్కి వచ్చిపోతుంటారు. వాళ్ళ వెనకే శీతల మండల పెరటికోళ్ళ అభ్యున్నతి శాఖ డైరెక్టరు వరప్రసాదు గారు కూడా వచ్చారు. ఆయన వచ్చింది పూల కోసం కాదు, క్యాంపుకి. క్యాంపు సరిగ్గా పూలు పూసిన వారంలోనే పడింది, అంతే.

ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లు తొడిగి, కోతిటోపీ పెట్టి, ఆపైన శాలువా చుట్టుకుని ఆయన జీపు దిగారు. జీపు ఆగింది గెమ్మెలి సుక్రమ్మ పెరటి ముందు. అక్కడితో రోడ్డు అయిపోతుంది. ఆ సమయానికి సుక్రమ్మ పెట్ట ఒకటి బూడిదలో పొర్లి లేచి ఒళ్ళు విదిలించుకుంటోంది. బూడిదలో పొర్లిన ప్రతి కోడీ చేసే పనే అది. కానీ పళ్ళు టకటకలాడుతున్నవాడి కంటికి లోకమంతా వణుకుతున్నట్టే ఉంటుంది.

"చూశావా నాయుడూ, కంపనం," అన్నారు డైరెక్టరు గారు.

"కంపనమేనండి," అన్నాడు సూపర్వైజరు ఎర్రునాయుడు. పెద్దసారు మాటలో చివరి ముక్కని తిరిగి ఆయనకే అప్పజెబితే ఉద్యోగానికి ఢోకా ఉండదని అతను చేరిన కొత్తలోనే కనిపెట్టాడు.

"మూగజీవి. నోరులేక వణుకుతోంది."

"నోరులేదండి."

ఆ నోరులేని పెట్ట కొక్కొక్కోమంటూ వెళ్ళిపోయింది. కంపనం మాత్రం కొండ దిగి, కమిటీ అయి, కమిటీ మీద ఇంకో కమిటీ అయి, ఎండాకాలం, వానాకాలం గడిపి, మళ్ళీ చలి మొదలయ్యేసరికి నిబంధనగా మారి తిరిగొచ్చింది. దాన్ని ఎర్రునాయుడు సుక్రమ్మ పెరట్లో నిలబడి పైకి చదివాడు: "శీతల మండలములందు కోడియు, మనిషియు ఒకే కప్పు క్రింద నివసించరాదు. కోడికి విడిగా, వెచ్చగా, శాశ్వత ప్రాతిపదికన గృహవసతి కల్పింపవలెను."

సుక్రమ్మ మొగుడు బొంజన్న చుట్ట పక్కకి తీసి అడిగాడు. "అంటే ఏటి బాబూ?"

"మీ కోళ్ళకి ఇల్లు కడతారు."

"మా కోళ్ళకి ఇల్లుంది కదా. పొయ్యి పక్కనే తొంగుంటాయి."

"అదే తప్పు," అన్నాడు ఎర్రునాయుడు.

మొదటి ఇల్లు సుక్రమ్మ పెరట్లోనే కట్టాలని తీర్మానమైంది. ఇటుకలు దింపుకోడానికి లారీ అంతవరకే రాగలదు.

కట్టినవాళ్ళు పని కుదురుగా చేశారు. ఆ మాట ఒప్పుకోవాలి. గోడలు మూరెడు మందం. గోడకీ గోడకీ మధ్య పొట్టు కూరి, చలిగాలి చొరకుండా చేశారు. పైన రేకు, రేకు కింద చెక్క, చెక్క కింద గడ్డి. నేల మీద నున్నటి సిమెంటు. ఎండ పడేవైపు అద్దాల కిటికీ. కోళ్ళు మోకాళ్ళు నొప్పెట్టకుండా ఎక్కడానికి వాలుగా ఒక మెట్టుదారి. మనుషులు వంగకుండా వెళ్ళి ఊడ్చుకోడానికి నిలువెత్తు తలుపు. నడిమధ్యన వేలాడే వేడి బల్బు.

దాని పక్కనున్న సుక్రమ్మ ఇల్లు తడిక మీద మట్టి మెత్తింది. ఆ మట్టి వానలకి జారిపోయింది. తడికలోంచి గాలి ఒక పక్క దూరి, ఇల్లంతా కలియదిరిగి, రెండో పక్క బయటికి పోతుంది. మామూలు ఏడైతే సుక్రమ్మ పట్టించుకునేది కాదు. ఈ ఏడు కూతురు నీలమ్మ తొలి పురిటికి ఇంటికొచ్చింది. నెలలు నిండాయి. పురుడు సరిగ్గా గడ్డి మీద మంచు గట్టిపడే రోజుల్లో పడేలా ఉంది. బిడ్డ చల్లబడితే మళ్ళీ వెచ్చబడటం కష్టమని ఆ కొండ మీద తల్లులందరికీ తెలుసు. సుక్రమ్మకి ఇంకా బాగా తెలుసు. ఆమెకు నీలమ్మ రెండో కానుపు.

సుక్రమ్మ కోళ్ళింటి గోడ మీద చెయ్యి వేసి చూసింది. ఎండ కాగిన గోడ గొడ్డు పొట్టలా వెచ్చగా ఉంది.

"బాబూ, ఇలాటిది మాకొకటి కట్టరేటి?"

"నువ్వు మా శాఖ కాదమ్మా," అన్నాడు ఎర్రునాయుడు. అతను దుర్మార్గుడేం కాదు, నిజంగానే బాధపడుతూ చెప్పాడు. "ఒంటిమీద ఒక్క ఈకైనా ఉంటే ఏదోలా చూసేవాణ్ణి."

గృహప్రవేశం నాడు కోళ్ళని గంపలో తెచ్చి లోపల వదిలి, రిబ్బను కట్టి, ఫోటో తీశారు. ఫోటో అయ్యాక రిబ్బను విప్పారు. రిబ్బనుతోపాటు కోళ్ళూ బయటికొచ్చాయి. పొద్దువాలేసరికి అన్నీ సుక్రమ్మ పాత ఇంటి గుమ్మం ముందు వరసగా నిలబడి, ఇంకా తలుపు తియ్యరేమని మెడలు సాచి చూస్తున్నాయి. బల్బు కూడా కలిసిరాలేదు. పొగమంచు దిగితే తీగల్లో కరెంటు పోతుంది. ఎండ వచ్చాక వస్తుంది. కోళ్ళకి చలి లేనప్పుడంతా బల్బు శ్రద్ధగా వెలిగింది.

ఎర్రునాయుడు డైరెక్టరు గారికి ఫోను చేశాడు.

"లబ్ధిదారులు గృహంలో ఉండటం లేదండి."

"అవగాహనాలోపం నాయుడూ. ఏ పథకమైనా మొదట్లో ఇంతే. లబ్ధిదారులకి అవగాహన సదస్సు పెట్టు."

"లబ్ధిదారులంటే కోళ్ళండి."

"ఎవరైతేనేం."

సదస్సు పెట్టారు. వెనక బ్యానరు కట్టారు. చోళ్ళు, అదే రాగులు, చల్లితే లబ్ధిదారులు హాజరయ్యాయి. ఎర్రునాయుడు గొంతు సవరించుకుని, విడి నివాసం వల్ల ఒనగూరే లాభాలు, ఉమ్మడి నివాసం వల్ల కలిగే అనర్థాలు వివరించాడు. చోళ్ళు ఉన్నంతసేపు అందరూ శ్రద్ధగా తలలాడించారు. అవి అయిపోయాక పుంజు ఒక్కటే మిగిలి, కుర్చీ ఎక్కి కూసింది.

"ఏటంటంది?" అని అడిగాడు బొంజన్న.

"వందన సమర్పణ," అంది నీలమ్మ, నడుం పట్టుకుని నవ్వుతూ.

సదస్సుకి వచ్చినవాళ్ళు కూడా పొద్దువాలేసరికి పాత గుమ్మం దగ్గరే తేలారు. ఎర్రునాయుడు అరుగు మీద కూలబడ్డాడు. కుటుంబం చోడవరంలో ఉందతనికి. ఈ కోళ్ళు ఆ ఇంట్లో నిద్రపోయేదాకా కొండ దిగొద్దని పెద్దసారు గట్టిగా చెప్పారు. సుక్రమ్మ జాలిపడి వేడి వేడి చోడంబలి గిన్నె చేతికిచ్చింది.

"అవెందుకుంటాయి బాబూ. ఆటికి పొయ్యి సూపించారేటి?"

"పొయ్యేంటమ్మా?"

"మా కాడ కొత్త కోడి ఇంటికొస్తే పొయ్యి సుట్టూ మూడుసార్లు తిప్పి, కాళ్ళకి ఆ బూడిదే రాస్తాం. ఇంక ఆ పొయ్యెక్కడుంటే అదే దాని ఇల్లు. మీరు సంతలోన అట్టుకెళ్ళి వదిలినా తిరిగొచ్చేస్తాది."

ఎర్రునాయుడు అంబలి కింద పెట్టి ఫోను తీశాడు. అవతల డైరెక్టరు గారు అంతా విన్నారు. తర్వాత, "శాస్త్రీయం కాదు," అన్నారు. ఇంకాసేపాగి, "కమిషనరేటు నుంచి బృందం వచ్చేలోగా గృహంలో కోళ్ళు ఉండాలి. లోపల ఒక పొయ్యి పెట్టించు," అన్నారు.

పొయ్యి మాట వినగానే బొంజన్న చుట్ట ఆర్పేశాడు. ఆర్పాడంటే కోపమొచ్చిందన్నమాట.

"ఒక కాపురానికి రెండు పొయ్యిలా? రెండో పొయ్యి ముట్టిస్తే నానూ మా ఆడదీ ఏరుపడిపోనామని ఊరు ఊరంతా వొచ్చి కూకుంటాది. పెద్దలు వొచ్చి, గొడ్డలి ఎవులికి, మేక ఎవులికి అని పంచీసి పోతారు. ముసిలోణ్ణయినాక నాకీ గోల దేనికి?"

"పేరుకే ముట్టిద్దాం బొంజన్నా. పథకం కోసం."

"ఏరుపడ్డం కూడా పథకం కోసమేనని పెద్దలకి నువ్ సెప్తావా?"

ఎర్రునాయుడు పెద్దల్ని ఊహించుకున్నాడు. మళ్ళీ ఫోను చేశాడు. డైరెక్టరు గారు విని, "రెండు పొయ్యిలు కూడదంటే ఒక్కటే ఉంచు. దాన్ని ఇక్కణ్ణించి అక్కడికి తరలించు. అంత చిన్న విషయానికి ఫోనా?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఊరి వాళ్ళందరి ఎదుట సుక్రమ్మ పెంకులో నిప్పులెత్తుకుని, పొయ్యి రాళ్ళు బొంజన్న నెత్తిన పెట్టి, కోళ్ళింట్లోకి నడిచింది. పొయ్యి ఎక్కడుంటే వంట అక్కడ. వంట ఎక్కడుంటే గిన్నెలక్కడ. పొయ్యిని ఒంటరిగా వదిలి పడుకోకూడదు గనక పొద్దుగూకేసరికి సుక్రమ్మ చాప వచ్చింది. బువ్వ అక్కడే గనక బొంజన్న వచ్చాడు. తడిక గాలిలో నిండు చూలాల్ని ఒక్కదాన్నీ ఎలా ఉంచడం? నీలమ్మా వచ్చింది. అందరూ వచ్చాక తలుపు దగ్గర మందకొడిగా కాళ్ళ చప్పుడయింది. వాలు మెట్టుదారిని ఒక్కటి కూడా ఎక్కలేదు. కోళ్ళన్నీ మనుషుల తలుపులోంచే వచ్చి, పొయ్యి చుట్టూ సర్దుకుని, రెక్కల్లో తలలు పెట్టుకున్నాయి.

ఎర్రునాయుడు కిటికీ అద్దంలోంచి ఫోటో తీశాడు. అందులో కోళ్ళు మాత్రమే పడేట్టు చూసుకున్నాడు. బొంజన్న కాలి బొటనవేలు ఒకటి పడింది గానీ దాన్ని చిలగడదుంపలాగా చూపించవచ్చు.

ఆ వారంలోనే మంచు గట్టిపడింది. పొగమంచుకి రోడ్డు కనిపించక ఆసుపత్రి బండి కింది మలుపులోనే ఆగిపోయింది. అందులోని నర్సమ్మ నడిచి పైకొచ్చింది. గది చూసి, గోడ తడిమి, కిటికీ చూసి, "ఇంత మంచి గది మా ఆసుపత్రిలో లేదే," అంది. తెల్లవారుజామున నీలమ్మకు ఆడపిల్ల పుట్టింది. పుట్టి పుట్టగానే ఎంత గట్టిగా ఏడ్చిందంటే పుంజు వేళ తప్పిందనుకుని కంగారుగా కూసింది.

ఎండ రాకపోయినా పొగమంచు కాస్త పలచబడ్డాక డైరెక్టరు గారు తనిఖీకి దిగారు.

ఈసారి స్వెట్టర్లు మూడు. తలుపు తీసి లోపలికి చూశారు. పొయ్యి పక్కన కోళ్ళు, కోళ్ళ పక్కన బొంజన్న, బొంజన్న పక్కన సుక్రమ్మ, మూలన చాప మీద పసిగుడ్డుతో నీలమ్మ.

"వీళ్ళెవరు?"

"లబ్ధిదారులండి," అన్నాడు ఎర్రునాయుడు.

"లబ్ధిదారులు కోళ్ళు కదా?"

"కోళ్ళూ ఉన్నాయండి."

"నిబంధన ఏమంటోంది నాయుడూ? ఒకే కప్పు క్రింద నివసించరాదు. ఇది కుక్కుట గృహం. కాబట్టి మానవులు ఖాళీ చేయవలెను. తక్షణం."

సుక్రమ్మ లేచి నిలబడింది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు.

"నన్ను పొమ్మంటే పోతాను బాబూ. పచ్చి బాలింతరాల్ని, నెత్తురుగుడ్డుని ఆ గాలింట్లోకి తొయ్యమంటే తొయ్యను. మా ఇంట్లోన ముందొక గుంటడు పుట్నాడు. ఆ సలికే పోనాడు."

బొంజన్న నేల చూశాడు. డైరెక్టరు గారు శాలువా సర్దుకున్నారు. ఆయన కఠినుడు కాదు, కానీ జాలికి ఆయన దగ్గర సెక్షను లేదు.

"నిబంధన నిబంధనేనమ్మా," అన్నారు కిందచూపుతో.

"అలగైతే మా పొయ్యి మేం అట్టుకుపోతాం. మా పొయ్యి మీ నిబందన్లోన లేదు కదా." ఆమె బొంజన్నకేసి తిరిగింది. "నిప్పులు ఎత్తు."

బొంజన్న పెంకులో నిప్పులెత్తుకుని బయటికి నడిచాడు. పుంజు తలెత్తి చూసి లేచింది. పుంజు వెనక పెట్టలు, పెట్టల వెనక పిల్లలు, వరస తప్పకుండా నిప్పుల వెంట నడిచి తలుపు దాటిపోయాయి. మూలనున్న ముసలి పెట్ట ఒక్కటి ఆలస్యంగా లేచి, డైరెక్టరు గారి బూట్ల మీదనుంచి దాటుకుని వెళ్ళింది.

శాశ్వత నిర్మాణంలో ఇప్పుడు డైరెక్టరు గారు, ఎర్రునాయుడు, వెలగని బల్బు, చాప మీద కదల్లేని బాలింతరాలు, బిడ్డని ఒళ్ళో చుట్టుకున్న సుక్రమ్మ మిగిలారు. కాసేపటికే గదిలోకి చలి దిగింది. డైరెక్టరు గారి పళ్ళు చప్పుడు చేశాయి.

"కమిషనరేటు బృందం ఎప్పుడు?"

"రేపేనండి."

"ఖాళీ గృహం చూపిస్తే ఏమవుతుంది?"

"పథకం పోతుందండి. ఆపైన ఎవరెవరు పోతారో..."

"ఆ పొయ్యిని వెనక్కి తెప్పించు," అన్నారు డైరెక్టరు గారు.

నిప్పులు వెనక్కి వచ్చాయి. వాటి వెంట కోళ్ళు కూడా, ఈ ఆఫీసర్లకి ఒక మాట మీద నిలకడ లేదన్నట్టు గునుస్తూ వచ్చాయి. సుక్రమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసి, అల్లం వేసిన కాఫీ గ్లాసు డైరెక్టరు గారి చేతికిచ్చింది. ఆయన పొయ్యి ముందు పీట మీద కూచున్నారు. గ్లాసు సగమయ్యాక కోతిటోపీ తీశారు. ఎర్రునాయుడు ఆయన జుట్టు చూడటం అదే మొదలు.

జుట్టుకి సెగ తగిలేసరికి ఆయనకి ఆలోచన వచ్చింది.

"నాయుడూ, మన అంచనాల్లో తాపన సామగ్రి అని ఒక పద్దు ఉండాలి."

"బల్బు ఆ పద్దులోదేనండి."

"బల్బు పనిచేయట్లేదు. పనిచేసేది ఈ పొయ్యి. కాబట్టి పొయ్యి తాపన సామగ్రి. ఔనా?"

"సామగ్రేనండి."

"పొయ్యి దానంతటది మండుతుందా?"

"మండదండి. ఈవిడ ఎగదోస్తుందండి."

"అంటే ఈవిడ పొయ్యిలో అంతర్భాగం. ఇంధనం?"

"బొంజన్న కొట్టుకొస్తాడండి."

"అంతర్భాగం." ఆయన వేలు మూలకి తిరిగింది. "ఆ అమ్మాయి?"

ఎర్రునాయుడు తల గోక్కున్నాడు. బాలింతరాలు కట్టె కొట్టదు, పొయ్యి ఎగదొయ్యదు. సుక్రమ్మ అందుకుంది.

"అది ఇక్కడుంటేనే నానిక్కడుంటాను."

"అర్థమైంది," అన్నారు డైరెక్టరు గారు సంతోషంగా. "ఆమె లేకపోతే ప్రధాన పరికరం నిలవదు. స్టాండు."

"నన్ను స్టాండంటన్నారేటమ్మా?" అని గుసగుసగా అడిగింది నీలమ్మ.

"ఊరుకోయే. ఎచ్చగా ఉంటావు," అంది సుక్రమ్మ.

డైరెక్టరు గారు లేచి మూల దగ్గరికి వెళ్ళి వంగి చూశారు. "ఇది ఎప్పుడు వచ్చింది?"

"ఇయ్యాల తెల్లారగట్లండి," అన్నాడు ఎర్రునాయుడు.

"ఇండెంటు పెట్టకుండానే?"

"ముందే పెట్టారండి. సరుకు ఇప్పుడందిందండి."

ఆయన జంకుతూ చూపుడువేలు చాపారు. బిడ్డ ఆ వేలు పట్టుకుంది. మూడు స్వెట్టర్ల కింద ఆయనకి అంతసేపూ దొరకని వెచ్చదనం ఆ గుప్పెట్లో ఉంది. ఆయన వేలు వెనక్కి తీసుకోడానికి తొందరపడలేదు.

"మంచి కండిషన్లో ఉంది నాయుడూ," అన్నారు చివరికి. "రాసుకో. ఈ గృహంలో మానవులెవరూ నివసించుట లేదు. కోళ్ళు, వాటి తాపన సామగ్రి మాత్రమే ఉన్నవి. చలికాలము ముగియువరకు సదరు సామగ్రిని ఎవరును, ఏ కారణము చేతను, స్థానభ్రంశము చేయరాదు."

మర్నాడు బృందం వచ్చింది. కోళ్ళున్నాయి, సామగ్రి ఉంది. బృందంలో పెద్దాయన సామగ్రితో కాసేపు ముచ్చటించి, ఒక గ్లాసు కాఫీ తాగి, నమూనా బాగుందని, కొండ మీద ప్రతి పెరట్లోనూ ఒకటి కట్టాలని సిఫారసు చేశాడు. పై ఇంటి కొర్రా వాళ్ళ దగ్గర కోళ్ళు లేవు. వాళ్ళు ఆ సాయంత్రమే సంతకి పోయి ఒక పెట్టని తెచ్చి, పొయ్యి చుట్టూ తిప్పి, ఇటుకల లారీ ఎప్పుడొస్తుందని కబురెట్టారు.

పురుడు వెళ్ళాక అల్లుడు బాలన్న వచ్చాడు. కాఫీ పళ్ళు కోతకొచ్చాయి, అమ్మకి మోకాళ్ళు వంగటం లేదు, నీలమ్మని పంపించమన్నాడు. వాళ్ళ ఇల్లు ఇంకా పైన, శిఖరానికి దగ్గర్లో ఉంది. అక్కడి గాలి సంగతి సుక్రమ్మకి ఎరుకే.

"పంపకేం బాబూ. కానీ కదపకూడదంట."

"ఎవులన్నారు?"

"గవుర్మెంటు. ఎండలొచ్చేదాకా నీలమ్మ స్టాండు. పిల్ల కూడా సామానే."

"నా పెళ్ళాన్ని నాను తీసుకెళ్ళడానికి గవుర్మెంటేటి?" అన్నాడు బాలన్న.

"నన్నడిగితే నానేటి సెప్తాను. ఆయన్నడుగు." సుక్రమ్మ గుమ్మం వైపు చూపించింది. ఎర్రునాయుడు అక్కడ ఎర్రరంగు డబ్బా, కుంచె పట్టుకుని, తలుపు మీద తాపన సామగ్రి వివరాలు రాస్తున్నాడు. పొయ్యి, సుక్రమ్మ, బొంజన్న అయ్యాయి. నీలమ్మ దగ్గరున్నాడు.

బాలన్న అతన్ని అడగలేదు. ముందు కూతుర్ని చూద్దామని మూలకి వెళ్ళాడు. వెళ్ళినవాడు కూచున్నాడు. కూచున్నవాడి ఒళ్ళో పిల్లని పెట్టారు. బయట మంచు తెర దిగి, వచ్చిన దారి కనపడకుండా పోయింది. ఒక పెట్ట వచ్చి అతని పాదాల మీద కుదురుకుంది.

ఎర్రునాయుడు కుంచె ఆపి లోపలికి చూశాడు.

"ఈ బాబు ఎవరమ్మా?"

"అల్లుడు."

"ఉంటాడా, ఎల్తాడా? రంగు ఆరకముందే సెప్పాలి."

బాలన్న పెళ్ళాన్ని చూశాడు, పొయ్యిని చూశాడు, చాలాసేపు మంచునీ చూశాడు.

"మా అమ్మని కూడా తెచ్చీమంటారేటి?" అన్నాడు.

సుక్రమ్మ కుండలో ఇంకొంచెం చోడిపిండి పోసింది. ఎర్రునాయుడు కుంచె ముంచి, నీలమ్మ పేరు కింద, పిల్లకి చోటొదిలి, "స్పేరు పార్టులు" అని రాశాడు. ఎన్నన్నది మాత్రం రాయలేదు.